పొక్లెయిన్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్: కంట్రోలర్ కొనే ముందు మీటరు పెట్టి చూడండి

ప్రశ్న: ఫైనాన్స్ వాళ్ల వేలంలో 20 టన్నుల సెకండ్ హ్యాండ్ పొక్లెయిన్ కొన్నాను. 2014 మోడల్, తొమ్మిది వేల గంటలు దాటింది. ఖమ్మం దగ్గర గ్రానైట్ క్వారీలో నడుస్తోంది. పొద్దున బాగానే ఉంటుంది. ఎండ ఎక్కాక, రెండు మూడు గంటలు పని చేశాక మానిటర్ మీద కమ్యూనికేషన్ ఎర్రర్ అని వస్తుంది. ఇంజిన్ ఆగదు గానీ రేస్ పడిపోతుంది, డయల్ తిప్పినా ఎక్కదు. ఇంజిన్ టెంపరేచర్ గేజ్ కూడా సున్నాకి వచ్చేస్తుంది, హైడ్రాలిక్ ఆయిల్ గేజ్ మాత్రం మామూలుగానే చూపిస్తుంది. తాళం తీసి కాసేపు ఆగి మళ్లీ వేస్తే అంతా సరే. మెకానిక్ మానిటర్ మార్చాడు, తేడా లేదు. ఇప్పుడు ఇంజిన్ కంట్రోలర్ పోయింది, దాదాపు రెండు లక్షలు అవుతుంది అంటున్నాడు. ఈఎంఐలు కట్టాలి, టెన్షన్‌గా ఉంది. కొనమంటారా? (ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకుడు)

సమాధానం:

ఇప్పుడే కొనకండి. కంట్రోలర్ బాగుందని గ్యారంటీగా చెప్పలేను, కానీ మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే అనుమానం ముందు వైరింగ్ మీదికే వెళ్లాలి, కంట్రోలర్ మీదికి చివర్న వెళ్లాలి. ఎందుకో చెబుతాను, ఆ తర్వాత మీరూ మీ ఎలక్ట్రీషియనూ కలిసి ఏం కొలవాలో చెబుతాను. మంచి మల్టీమీటర్ ఒకటి, 24 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి ఉంటే చాలా దూరం వెళ్లొచ్చు.

మీ బండిలో కనీసం మూడు పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి: ఇంజిన్ కంట్రోలర్, పంప్ కంట్రోలర్ (కొందరు మెయిన్ కంట్రోలర్ అంటారు), క్యాబిన్‌లోని మానిటర్. చాలా మోడళ్లలో మీరు రేస్ డయల్ తిప్పితే ఆ సంగతి ముందు పంప్ కంట్రోలర్‌కి వెళ్తుంది, అది "ఇన్ని ఆర్‌పీఎం కావాలి" అని ఇంజిన్ కంట్రోలర్‌కి చెబుతుంది. ఈ మాటలన్నీ నడిచేది మెలితిప్పిన రెండు సన్నటి వైర్ల మీద. దాన్నే క్యాన్ లైన్ అంటారు. బాష్ కంపెనీ కార్ల కోసం తయారుచేసి 1986లో బయటపెట్టిన పద్ధతి ఇది, పెద్ద డీజిల్ బండ్లలో జె1939 అనే ప్రమాణంగా వాడుతున్నారు. ఒక వైరు పేరు క్యాన్ హై (CAN-H), రెండోదాని పేరు క్యాన్ లో (CAN-L). లైన్ రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది. ఈ రెసిస్టర్ల సంగతి గుర్తు పెట్టుకోండి, మన పని సగం వాటితోనే.

ఇప్పుడు మీ లక్షణాలు చూడండి. ఎర్రర్ వచ్చినప్పుడు ఇంజిన్ ఆగడం లేదు అన్నారు. మీ మెకానిక్ ఆలోచించాల్సింది ఇక్కడే. కామన్ రైల్ ఇంజిన్‌లో ఇంజెక్టర్లను తెరిచేదే ఇంజిన్ కంట్రోలర్, దానికి కరెంటు పోయినా అది లోపల ఆగిపోయినా ఇంజిన్ వెంటనే చచ్చిపోవాలి. మీ ఇంజిన్ నడుస్తూనే ఉంది, రేస్ మాత్రం పడిపోయింది. అంటే కంట్రోలర్ బతికే ఉంది, పని చేస్తోంది, దానికి ఆర్డర్ అందడం లేదు. ఆర్డర్ అందకపోతే తక్కువ రేస్‌లో ఉండమని కంపెనీయే దానికి నేర్పి పంపుతుంది, అదే మీరు చూస్తున్నది. ఇంకొకటి: ఇంజిన్ టెంపరేచర్ పోయింది, హైడ్రాలిక్ ఆయిల్ గేజ్ పోలేదు. చాలా మోడళ్లలో హైడ్రాలిక్ ఆయిల్ లెక్క మానిటర్‌కి వచ్చేది పంప్ కంట్రోలర్ వైపు నుంచి. కాబట్టి మానిటర్‌కీ పంప్ కంట్రోలర్‌కీ మాటలు సాగుతున్నాయి, ఇంజిన్ కంట్రోలర్ ఒక్కటే విడిపోతోంది. మానిటర్ మారిస్తే ఫలితం లేకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇంజిన్ కంట్రోలర్ చాలా బండ్లలో ఇంజిన్ బ్లాక్ మీదే బిగించి ఉంటుంది, మిగతా రెండూ క్యాబిన్‌లో ఉంటాయి. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య నడిచే హార్నెస్‌లో (వైర్ల కట్టలో), లేదా ఇంజిన్ కంట్రోలర్ సాకెట్‌లో, వేడెక్కినప్పుడు తెగి చల్లారితే కలుస్తున్న చోటు ఉండి ఉండాలి. కంట్రోలర్ లోపల క్యాన్ భాగం ఒక్కటే చెడిపోయి, అతుకు వేడికి వదులయ్యే అవకాశం కూడా లేకపోలేదు, అందుకే గ్యారంటీ ఇవ్వనన్నాను. రెండింటికీ లక్షణాలు ఒకటే, ఖర్చులో మాత్రం తేడా చాలా ఉంది. కాబట్టి ముందు చవకది తేల్చుకోండి.

మొదటి పని కోడ్‌లు రాసుకోవడం. ఎర్రర్ రాగానే చెరిపేయకండి. మానిటర్‌లోని సర్వీస్ మెనూలోకి వెళ్లి ఉన్న కోడ్‌లన్నీ ఫోన్‌తో ఫోటో తీయండి, ఏది ఇప్పుడు యాక్టివ్, ఏది పాతది, ఎన్నిసార్లు వచ్చింది అనేవి కూడా. క్యాన్ కోడ్ అంటే "నాకు ఫలానావాడి మాట వినిపించడం లేదు" అని ఒక పెట్టె చేసే ఫిర్యాదు. ఆ ఫలానావాడు చెడిపోయాడని దాని అర్థం కాదు. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నారో కాగితం మీద రాసుకుంటే చాలాసార్లు చోటు దానంతట అదే తెలుస్తుంది. అందరూ ఒక్కరి మీదే చెబితే ఆ ఒక్కరి కొమ్మ (మెయిన్ లైన్ నుంచి ఆ పెట్టెకి వెళ్లే వైర్లు) చూడాలి. ఒక్కరే అందరి మీదా చెబితే చూడాల్సింది ఆ చెప్పేవాడి కొమ్మనే. అందరూ అందరి మీదా చెబితే మెయిన్ లైన్ చూడాలి. జె1939 కోడ్‌లు చూపించే బండి అయితే ఎస్‌పీఎన్ (లోపం దేనిలోనో చెప్పే నంబరు) 639 అంటే ఆ నెట్‌వర్క్ గురించే, దాని పక్కన ఎఫ్ఎంఐ (ఎలాంటి లోపమో చెప్పే నంబరు) 9 ఉంటే సమాచారం రావాల్సిన వేగంలో రావడం లేదని. అదే కోడ్ లిస్టులో వోల్టేజ్ తక్కువ అనే కోడ్ కూడా ఉందేమో తప్పకుండా చూడండి, ఉంటే క్యాన్‌ను పక్కన పెట్టి ముందు అది తేల్చాలి.

కరెంటు సరిగ్గా లేకుండా క్యాన్ వైర్ల వెంట పడటం వల్ల రోజులు పోతాయి. తాళం తీసి ఉన్నప్పుడు రెండు బ్యాటరీలూ కలిపి 25 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి. తర్వాత రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవండి. మన దగ్గర పాటల డెక్ కోసమో ఫ్యాన్ కోసమో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగే అలవాటు బాగా ఉంది, దానివల్ల ఒక బ్యాటరీ ఎప్పుడూ నీరసంగా ఉంటుంది, రెండోది ఎక్కువ చార్జ్ అయి పాడవుతుంది. అలాంటి వైరు కనిపిస్తే తీసేసి 24 నుంచి 12కి తగ్గించే కన్వర్టర్ పెట్టించండి. ఎర్త్ కూడా ఇలాగే కొలవాలి. ఇంజిన్ నడుస్తూ, లైట్లూ ఏసీ ఆన్‌లో ఉండగా కంట్రోలర్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి. 0.2 వోల్టు లోపు ఉంటే పరవాలేదు, అర వోల్టు దాకా వస్తే ఆ ఎర్త్ బోల్టు విప్పి, పెయింటూ తుప్పూ గీకి మళ్లీ బిగించాలి. కంట్రోలర్‌కి వచ్చే సప్లైని మాత్రం ఒట్టి మీటరుతో చూసి సరే అనుకోకండి. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 24 చూపిస్తుంది. సాకెట్ విప్పి, సప్లై పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య ఆ 24 వోల్టుల బల్బు పెట్టండి, నిండుగా వెలగాలి. మసగ్గా వెలిగితే ఎక్కడో ఫ్యూజ్ హోల్డర్‌లోనో రిలే కాళ్ల దగ్గరో లోపం ఉంది. ఈ బల్బు పరీక్ష సప్లై పిన్నులకు మాత్రమే, క్యాన్ పిన్నుల మీద బల్బు పెడితే కంట్రోలర్ నిజంగానే పోవచ్చు. ఇంజెక్టర్ వైర్ల జోలికి అసలు వెళ్లకండి, వాటిలో 24 కంటే చాలా ఎక్కువ వోల్టేజ్ నడుస్తుంది.

ఇక అసలు కొలత. చాలా బండ్లలో సీటు వెనకో పక్కనో గుండ్రటి 9 పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటుంది. జె1939 ప్రకారం దానిలో ఎ పిన్ను ఎర్త్, బి పిన్ను బ్యాటరీ, సి పిన్ను క్యాన్ హై, డి పిన్ను క్యాన్ లో. మీ బండిలో వేరే సాకెట్ ఉంటే వైరింగ్ డయాగ్రమ్ చూసి ఆ రెండు వైర్లూ పట్టుకోండి, కొన్ని కంపెనీల బండ్లలో ఒకటి కంటే ఎక్కువ లైన్లు ఉంటాయి కాబట్టి ఇంజిన్ లైన్ ఏదో నిర్ధారించుకోండి. తాళం తీసి, కటౌట్ స్విచ్ (బ్యాటరీ కరెంటు తెంచే మెయిన్ స్విచ్) ఆఫ్ చేసి, కొన్ని నిమిషాలు ఆగి, సి, డి మధ్య ఓములు కొలవండి. 60 దగ్గర రావాలి, చివర్లలో ఉన్న రెండు 120లూ పక్కపక్కన కలిస్తే 60 కాబట్టి. 120 వస్తే ఒక చివర తెగిపోయింది. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ కలిపారు. నాలుగైదు ఓములు వస్తే రెండు వైర్లూ ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి. అలాగే సి నుంచి బాడీకి, డి నుంచి బాడీకి కూడా చూడండి, అక్కడ చాలా ఎక్కువ ఓములు ఉండాలి, తక్కువ వస్తే వైరు ఒరుసుకుని రేకుకు తగులుతోంది.

మీ బండి పొద్దున కొలిస్తే 60 వస్తుంది. దాన్ని చూసి లైన్ బాగుందని ఎలక్ట్రీషియన్ వెళ్లిపోతాడు, మెకానిక్ కంట్రోలర్ అంటాడు. మీరు కొలవాల్సింది ఎర్రర్ వచ్చిన నిమిషంలో. మీటరు సాకెట్ దగ్గర సిద్ధంగా పెట్టుకుని పని చేయించండి, ఎర్రర్ రాగానే బకెట్ నేలకు దించి, లివర్ లాక్ వేసి, ఇంజిన్ ఆపి, కటౌట్ తీసి, చల్లారేలోపు కొలవండి. అప్పుడు 120 వస్తే ఇంజిన్ వైపు చివర విడిపోతోందని దాదాపు తేలినట్టే. హార్నెస్ పట్టుకుని క్యాబిన్ దగ్గర నుంచి ఇంజిన్ దాకా జానెడు జానెడు చొప్పున వంచుతూ రండి, ఇంకొకరు మీటరు చూస్తూ ఉండాలి, ఎక్కడ 120 నుంచి 60కి దూకుతుందో మీ తెగిన చోటు అదే. ఒకవేళ వేడి మీద కూడా 60 వచ్చి, ఎంత వంచినా కదలకపోతే అప్పుడు కంట్రోలర్ లోపలి అనుమానం బలపడుతుంది. ఒక జాగ్రత్త: కొన్ని బండ్లలో రెసిస్టర్ విడిగా చిన్న ప్లగ్‌లా ఉంటుంది, కొన్నింటిలో మానిటర్ లోపలో కంట్రోలర్ లోపలో ఉంటుంది. కాబట్టి ఏదైనా పెట్టె సాకెట్ విప్పగానే 60 కాస్తా 120 అయితే ఆ పెట్టెలో రెసిస్టర్ ఉందని అర్థం, అది లోపం కాదు.

తాళం ఆన్ చేసి వోల్టేజ్ కూడా చూడండి. ఎర్త్‌తో పోల్చి క్యాన్ హై రెండున్నర కంటే కాస్త ఎక్కువ, క్యాన్ లో రెండున్నర కంటే కాస్త తక్కువ ఉంటాయి, రెండూ కలిపితే 5 దగ్గర రావాలి. ఏ ఒక్కటి సున్నా చూపించినా బాడీకి తగిలింది. 24కి దగ్గరగా చూపిస్తే సప్లై వైరుకి తగిలింది, ఈ స్థితిలో కొత్త కంట్రోలర్ పెడితే అదీ కాలిపోవచ్చు. పక్క క్వారీలో అలాంటి బండి ఉంది, దాని కంట్రోలర్ తెచ్చి పెట్టి చూద్దాం అనే సలహా మీకూ వచ్చే ఉంటుంది. ఈ కొలతలన్నీ సరిగ్గా వచ్చాకే దానికి ఒప్పుకోండి, లేకపోతే ఒకటికి రెండు బండ్లు ఆగుతాయి.

వేలంలో కొన్నారు కాబట్టి ఇంకొకటి తప్పక చూడాలి. ఫైనాన్స్ వాళ్లో పాత ఓనరో బయటి జీపీఎస్ పెట్టె, ఇమ్మొబిలైజర్ (బండి స్టార్ట్ కాకుండా ఆపే పెట్టె), డీజిల్ లెక్క చూసే పరికరం లాంటివి పెట్టించి ఉండొచ్చు. సీటు వెనక, ఫ్యూజ్ బాక్స్ దగ్గర, మానిటర్ కింద వెతకండి. కంపెనీ హార్నెస్‌కి నల్లటి ముడతల గొట్టం ఉంటుంది, బయటివాళ్లు పెట్టింది ఇన్సులేషన్ టేపుతో చుట్టి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. కొన్ని పరికరాలు క్యాన్ వైర్లను గీకి అక్కడే కలుపుతాయి, ఆ గీకిన చోట వానాకాలం నీరు చేరి రాగి పచ్చబడుతుంది. 40 ఓములు రావడానికి కూడా ఇలాంటి పెట్టెలోని రెసిస్టరే కారణం కావచ్చు. జీపీఎస్ ఇంకా ఫైనాన్స్ వాళ్లదే అయితే వాళ్లకు చెప్పి తీయించండి, మీరే తెంపేయకండి. తీసి, వైర్లు సరిచేసి, రెండు రోజులు నడిపి చూడండి.

మీ బండిలో వైరు తెగే చోట్లు ఎక్కువగా ఇవి: క్యాబిన్ నేల నుంచి హార్నెస్ కిందికి దిగే రబ్బరు దగ్గర, పంప్ గదిలోంచి ఇంజిన్ గదిలోకి దాటే రేకు అంచున, ఇంజిన్ మీద క్లిప్పులు ఊడి సైలెన్సర్ వైపు వాలిన చోట. క్వారీలో రాయి కొట్టే అదురుకి క్లిప్పులు నిలవవు. బండి కొన్ని నెలలు యార్డులో ఆగి ఉంటే ఎలుకలు సీటు వెనక గూడు పెడతాయి, అక్కడ వైరు తోలు కొరికి ఉందేమో టార్చి వేసి చూడండి. ఒక్క ఊరట ఏమిటంటే ఎలక్ట్రానిక్స్ అంతా పైభాగంలోనే ఉంటుంది, మామూలుగా చైన్ల వైపుకి ఈ లైన్ దిగదు, కాబట్టి వెతకాల్సిన చోటు మీరు భయపడినంత పెద్దది కాదు.

ఇంజిన్ కంట్రోలర్ సాకెట్ విప్పినప్పుడు తొందర వద్దు. కటౌట్ తీశాకే విప్పండి. లోపల పచ్చదనం ఉందా, నూనె దిగిందా, రబ్బరు సీలు నలిగిందా చూడండి. ఆడ పిన్నులు వదులయ్యాయేమో తెలుసుకోవడానికి అదే సైజు మగ పిన్ను ఒకటి తెచ్చి ఒక్కొక్క దానిలో దూర్చి లాగండి, కాస్త పట్టు తగలాలి. పట్టు లేని పిన్ను చల్లగా ఉన్నప్పుడు పని చేస్తుంది, వేడికీ అదురుకీ వదిలేస్తుంది, మీ కథకి సరిగ్గా సరిపోయే లోపం అది. ఆ పిన్ను మార్చాలి. ఉప్పు కాగితంతో రుద్దకండి, పూత పోతుంది, కాంటాక్ట్ క్లీనర్ చాలు. టెస్టు చేయడానికి వైరు తోలులో సూది గుచ్చడం కూడా వద్దు, ఆ రంధ్రంలోంచి వచ్చే వానకి తడి లోపలికి వెళ్తుంది.

వైరు తెగినట్టు దొరికితే రెండు కొసలూ మెలేసి టేపు చుట్టి వదిలేయనివ్వకండి. క్రింప్ చేయించి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ గొట్టం వేయించండి. రెండు వైర్ల మెలిక తప్పకుండా నిలబెట్టాలి, దాదాపు అంగుళానికి ఒక మెలిక చొప్పున, విప్పిన ముక్క రెండంగుళాలకు మించకూడదు. ఆ మెలికే బయటి కరెంటు గోలని లోపలికి రానివ్వకుండా ఆపుతుంది. ఆల్టర్నేటర్ లావు కేబుల్‌తో కలిపి కట్టవద్దు. హార్నెస్ పని తెలిసిన మనిషి ఖమ్మంలో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో వెతకండి, ఒక రోజు కూలీ ఎక్కువైనా పరవాలేదు.

క్వారీ బండి కాబట్టి బకెట్ పళ్లకీ అంచులకీ వెల్డింగ్ తరచూ పడుతుంది. ప్రతిసారీ తాళం తీసి, కటౌట్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీయాలి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పు బకెట్‌కే, వెల్డింగ్ చేసే చోటికి పక్కనే పెట్టాలి. క్లిప్పు చాసిస్‌కో చైన్‌కో పెడితే కరెంటు కీళ్ల దగ్గరి పిన్నులూ బేరింగుల గుండా తిరిగి వస్తుంది, కంట్రోలర్లు పోవడానికి అది నిజమైన కారణం. ప్రెషర్ పంపుతో కడిగేటప్పుడు కూడా సాకెట్ల మీదికి నేరుగా కొట్టనివ్వకండి. ఈ రెండూ మీ ఆపరేటర్‌కి మీరే దగ్గరుండి చెప్పాలి.

అన్నీ కొలిచాక, వేడి మీద 60 ఓములు, వోల్టేజ్ సరి, సప్లై సరి, ఎర్త్ సరి, బయటి పెట్టెలు తీసేశారు, సాకెట్ పిన్నులు గట్టిగా ఉన్నాయి, అయినా ఎర్రర్ వస్తోంది అంటే అప్పుడు కంట్రోలర్ సంగతి చూద్దాం. కంపెనీ లాప్‌టాప్ ఉన్న సర్వీస్ ఇంజినీర్‌ని ఒక విజిట్‌కి పిలిపించి, ఎర్రర్ వచ్చే సమయంలోనే చూడమనండి. కొనాల్సి వస్తే పైన ఉన్న పార్ట్ నంబర్ ఒక్కటీ కలిస్తే చాలదు, లోపలి ప్రోగ్రామ్ మీ మోడల్‌కీ మీ ఇంజిన్ సీరియల్‌కీ సరిపోవాలి, లేకపోతే పెట్టె కొత్తదైనా మిగతావి దాన్ని గుర్తించవు. బండికి పెట్టి, వేడెక్కేదాకా నడిపి చూశాకే మిగతా డబ్బు ఇస్తానని, ఎర్రర్ పోకపోతే తిరిగి తీసుకోవాలని ముందే కాగితం మీద రాయించుకోండి. అలా రాసివ్వడానికి ఒప్పుకోని వాడి దగ్గర కొనవద్దు. తీసేసిన పాత కంట్రోలర్ మీదే, దాన్ని మెకానిక్‌కి వదిలేయకండి.

ఈ వారంలో వేడి మీద తీసిన ఓముల రీడింగు, క్యాన్ హై, లో వోల్టేజ్‌లు, కోడ్‌ల ఫోటో, బండి మోడల్ రాసి పంపండి, వెంటనే చూస్తాను.